నువ్వు రాగానే లేచే పెట్టె

ఇల్లు, ముందు గది
జూన్ 4, బుధవారం

అక్కకి నమస్కారం.

పొద్దున్నుంచి ముసురు. మేడ మీది నీళ్ళ గొట్టంలో ఆకులు ఇరుక్కుంటే కర్రతో పొడిచి తీశాను. నీళ్ళు దిగాయి.

ఫోనులో నేను 'ఊఁ' తప్ప ఏమీ అననని, చెప్పేదేదో కాగితం మీద రాయమన్నావు. అందుకని రాస్తున్నాను.

నీ పెట్టె తయారైంది. నీ కుట్టు షాపు కొలతలన్నీ ఇంటర్నెట్‌లో దాచే ఆ కంపెనీ ఈ నెలాఖరుకి మూసేస్తామని చెప్పినప్పుడు, ఆడవాళ్ళ నడుం కొలతలు ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర ఇంకోసారి పెట్టనన్నావు. నా ఇంట్లో పెడతానన్నాను. పెట్టాను. దీన్ని సర్వర్ అంటారు. పేరు విని భయపడకు. ఎప్పుడూ మేలుకుని ఉండే కంప్యూటరు, అంతే. నువ్వు షాపులోంచి ఫోనులో అడిగితే, ఇక్కడి నుంచి తీసి ఇస్తుంది.

కంప్యూటరు కొత్తది కాదు. నేను లిఫ్టు మరమ్మతులు చూసే ఒక ఆఫీసులో పాతదని మెట్ల కింద పడేశారు. అడిగితే పట్టుకుపొమ్మన్నారు. లోపల సాలీడు కాపురం పెట్టింది. దాన్ని కిటికీ బయట దింపి, దుమ్ము దులిపి, ఫ్యానుకి నూనె వేశాను. ప్రోగ్రాము మొదటిసారి ఎక్కిస్తే తెర నల్లగా ఉండిపోయింది. ఇంకోసారి ఎక్కిస్తే నువ్వెవరని నన్నే అడిగింది. పుస్తకం ముందేసుకుని ఒక్కో లైనూ చదువుతూ చేస్తే చివరికి మాట విన్నది.

చెప్పుల బల్ల మీద పెట్టాను. ఇదివరకు ఇస్త్రీపెట్టెకి వాడిన ప్లగ్గే దీనికి ఇచ్చాను. ఇంటర్నెట్ తీగ అక్కడి వరకే వస్తుంది. ఇస్త్రీ పడకగదిలోకి మారింది.

ఒక ఏర్పాటు నాకు నచ్చింది. కరెంటు పోయి వస్తే లిఫ్టు తనంతట తను సర్దుకుని కింది అంతస్తుకి వచ్చి నిలబడుతుంది కదా, ఇది కూడా అలాగే. కరెంటు రాగానే ఎవరూ నొక్కకుండా లేచి పనిలో పడుతుంది. ఇంకొకటి, పాస్‌వర్డు తప్పు కొడుతూ పోతే ఆ కొట్టినవాళ్ళని కాసేపు గుమ్మం తొక్కనివ్వదు. పాస్‌వర్డు వేరే కాగితం మీద రాసి ఇందులోనే మడిచి పెట్టాను.

నాకు అన్నీ నువ్వే చేశావు. నీకు నేను చేస్తున్న పని ఇదొక్కటే. సరిగ్గా జరగాలి.

తమ్ముడు


షాపు, కటింగ్ బల్ల దగ్గర
జూన్ 11

ఒరేయ్ మునీశ్వరా,

అది పాస్‌వర్డా, నామీద ఏదైనా పగా? పెద్దక్షరం, చిన్నక్షరం, చుక్క, గీత, మధ్యలో ఆ నక్షత్రం గుర్తు ఎందుకురా? నా ఫోనులో ఆ నక్షత్రం ఎక్కడుందో వెతికేసరికి ఎదురుగా చేతులు చాపి నిలబడ్డ కస్టమరు "దించమంటారా అండీ" అని అడిగింది. నాలుగుసార్లు కొట్టాను, గెంటేసింది! నా సొంత తమ్ముడి గుమ్మంలో నన్ను నిలబెట్టి "కాసేపాగి రండి" అంటుందా? పక్క మిషను మీద కుట్టే అమ్మాయి నవ్వు ఆపుకోలేక దారం తెంపేసింది.

సరే, తర్వాత తెరుచుకుంది. అబద్ధమెందుకు, బాగుందిరా. పాత కంపెనీలోంచి అన్నీ దించి నీ పెట్టెలో పోశాం. పేరు కొడితే చాలు కొలత వచ్చి నిలబడుతోంది. టీచరమ్మ భుజం ఎంత అంటే ఇంత. ఆవిడకి ఎడమ భుజం కాస్త దిగుడని రాసుకున్న మాట కూడా ఉంది. ఇలాంటివి బయట పడకూడదు, చెప్తున్నా.

ఇప్పుడు అసలు సంగతి. సిటీ బస్సుల వాళ్ళు కండక్టర్లందరికీ యూనిఫారాలు కుట్టించాలట. నాకు, రెడీమేడ్ దుకాణం ఆయనకి మధ్య ఊగుతున్నారు. ముందు కొందరివి కుట్టి చూపించమన్నారు. నచ్చితే మొత్తం నాకే. ఈ పని దొరికితే వెనక గది కూడా అద్దెకి తీసుకుని ఇంకో ఇద్దరమ్మాయిల్ని పెట్టుకోవచ్చు. కండక్టర్ల కొలతలన్నీ నీ పెట్టెలోకే వస్తాయి. జాగ్రత్త.

ఒక్క చిక్కు. పొద్దున్న షాపు తీసేసరికి బాగానే పలుకుతోంది, పది దాటాక పలకట్లేదు. ఫోనులో గుండ్రంగా ఒకటి తిరుగుతోంది, అంతే. సాయంత్రం నేను మూసేవేళకి మళ్ళీ హాయిగా లేస్తోంది. ఏమిటో చూడు.

మీ అత్తగారిని అడిగానని చెప్పు. మీ ఆవిడ ఆస్పత్రి డ్యూటీలు చేసి చిక్కిపోయిందట, చూసుకో.

అక్క


ఇల్లు, ముందు గది
జూన్ 18, బుధవారం

అక్కకి నమస్కారం.

ఎండ కాసింది. గేటు కీచుమంటుంటే బందులకి గ్రీజు పెట్టాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రం పెట్టె చూశాను. ఏ లోటూ లేదు. పచ్చ దీపం వెలుగుతోంది, నీ కొలతలు తెరుచుకున్నాయి. మర్నాడు సాయంత్రమూ అంతే. ఇంటికి ఎప్పుడు వచ్చినా అది పని చేస్తూనే ఉంది. కాబట్టి తప్పు పెట్టెది కాదు.

కరెంటు పోతోందేమోనని కింద పాల దుకాణంలో అడిగాను. పగలు పోవడం లేదన్నారు.

మిగిలింది ఒకటే. పగలు ఇంట్లో ఉండేది అత్తగారు. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ప్లగ్గు వదులవుతోందేమో, మళ్ళీ ఆవిడే సర్దుతున్నారేమో. అడగడం బాగుండదు. "దయచేసి ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాసి పెట్టెకి అంటించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "సరే బాబూ" అన్నారు.

ఇక ఇబ్బంది ఉండదు.

తమ్ముడు


షాపు
జూన్ 25

ఒరేయ్,

ఇబ్బంది ఉండదట! వారమంతా మధ్యాహ్నాలు దానికి నోరు లేదు. దానికి ముందు నీకు బుద్ధి లేదు.

మీ అత్తగారికి ఫోన్ చేశాను. "ఎలా ఉన్నారు పిన్నిగారూ" అన్నాను, అంతే.

"ఏముందమ్మాయ్, బాగానే ఉన్నాం. ముట్టుకోకుండా బతుకుతున్నాం."

"అదేంటండీ?"

"మీ తమ్ముడు బోర్డు పెట్టాడుగా. ముందు గది సగం వరకే ఊడుస్తున్నాను. చెప్పుల బల్ల దగ్గరికి వెళ్ళట్లేదు. నా చెప్పులు కూడా వెనక గుమ్మం దగ్గర విడుస్తున్నాను. ఎందుకొచ్చిన గొడవ."

ఏరా, ఇంటి పెద్దావిడని పట్టుకుని కాగితం అంటిస్తావా? నోటితో ఒక్క ముక్క అడగడానికి నీకేం రోగం? ఆ పెట్టె చుట్టూ గిరి గీసినట్టు చెత్త మిగిలిపోయిందట. చూశావా? చూసి ఉండవు. నీకు దాని దీపం ఒక్కటే కనిపిస్తుంది.

నేనూ ఒకటి గమనించాను. ఆదివారం షాపు తీస్తే రోజంతా అడిగిందల్లా ఇస్తోంది. సోమవారం నుంచి మళ్ళీ మొదలు. ఆదివారం నీకు సెలవు. నువ్వు ఇంట్లో ఉంటే అది మేలుకుంటుంది, నువ్వు రాగానే లేస్తుంది, నువ్వు వెళ్ళగానే పడుకుంటుంది. దానికి నీమీద అంత ప్రేమేమిట్రా? మేము ఎంత పిలిచినా పలకవు, నీ పెట్టెకీ నీ పోలికే వచ్చిందా?

ఎప్పుడు లేచావే అని దాన్నే అడగలేవా? అంత తెలివైందన్నావుగా.

పోస్టుమాన్ మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. అతన్ని అడిగి నేర్చుకోమను.

అక్క


ఇల్లు, ముందు గది
జులై 2, బుధవారం

అక్కకి నమస్కారం.

మబ్బు. వాన లేదు. వంటింటి కుళాయికి కొత్త వాషరు వేశాను.

నువ్వు చెప్పినట్టు పెట్టెనే అడిగాను. ఎంతసేపటి నుంచి మేలుకుని ఉన్నావని అడగడానికి ఒక మాట ఉందట, పుస్తకంలో దొరికింది. అడిగితే ఇప్పుడే లేచానన్నది. అప్పటికి నేను చెప్పులు విడిచి, దీపం వేసుకుని కూర్చున్నానంతే. అంటే పగలంతా అది పడుకునే ఉంటోంది. నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. లిఫ్టు ఆగిపోతే మెట్ల మీద ఎవరో ఒకరు అరుస్తారు. ఇది చప్పుడు లేకుండా ఆగి, చప్పుడు లేకుండా లేస్తోంది. లేచే ఏర్పాటు పెట్టింది నేనే కాబట్టి అనేది ఏమీ లేదు.

తీగ మార్చాను. ప్లగ్గు మార్చాను. పక్కింటి పిల్లి కిటికీలోంచి వస్తోందేమోనని వల కొట్టాను. పిల్లి వచ్చి వల మీద పడుకుంది. అది కాదు.

చివరికి నిన్న సెలవు పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు. అత్తగారు రెండుసార్లు టీ ఇచ్చారు. ఆవిడ నావైపు, పెట్టెవైపు చూసి ఏదో అనబోయి, కాగితం చూసి ఊరుకున్నారు. నేనూ అడగలేదు.

ఈ రోజు పనికి వెళ్ళి వచ్చి అడిగితే మళ్ళీ ఇప్పుడే లేచానంది. మనిషి తోడు లేకపోతే పని చెయ్యని యంత్రం ఇంతవరకు నేను చూడలేదు.

కండక్టర్లు ఎప్పుడు వస్తారు?

తమ్ముడు


షాపు
జులై 8

మునీ,

కండక్టర్లు నిన్న వచ్చి వెళ్ళారు.

ఎలా వెళ్ళారో చెప్తాను విను. వాళ్ళ మేనేజరు కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ముందు ఆదివారం తీసుకున్న కొలతలతో బట్ట కోసి చూపించాలి. ఫోను తీశాను. గుండ్రంగా తిరిగింది. తిరిగింది, తిరిగింది. మీ ఇంటికి ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. నీకు చేస్తే లిఫ్టు గుంతలో ఉన్నావో ఏమో, మోగీ మోగీ ఆగింది. పాత కంపెనీ అయితే పోయిన నెలతోనే పోయింది. అంతమంది ఎదురుగా మళ్ళీ టేపు పట్టడానికి మొహం చెల్లక, కళ్ళతో చూసి కోశాను రా. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ కొయ్యలేదు.

తొందరలో ముక్కలు కలిసిపోయి పొట్టి కండక్టరు ప్యాంటు పొడుగాయన కాళ్ళకి వెళ్ళింది. మోకాళ్ళ కిందికి రానంది. పొడుగాయన ప్యాంటు పొట్టాయన తొడుక్కుని నడిస్తే నేల ఊడ్చుకుంటూ వచ్చింది. మేనేజరు "టిక్కెట్లు కొడుతూ బస్సు కూడా శుభ్రం చేస్తాడన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక మిషను కవరు కప్పేశాను.

ఇరవై ఒకటో తేదీ సోమవారం మళ్ళీ వస్తామన్నారు. మంచివాళ్ళు కాబట్టి. ఆ రోజు కూడా ఇలాగే అయితే పని రెడీమేడ్ ఆయనదే.

చాలురా. నీ మనసు నాకు తెలుసు. నాకోసం చేశావు, కష్టపడ్డావు. కానీ నేను షాపు నడుపుకోవాలి. ఏదో ఒక కంపెనీ చూసుకుని అందులోకి మార్చుకుంటాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళయితే అయ్యారు, మధ్యాహ్నం మేలుకునైనా ఉంటారు.

కోపం లేదు. బాధగా ఉంది.

అక్క


షాపు
జులై 9

ఒరేయ్ ఒరేయ్ ఒరేయ్,

నిన్న రాసిన ఉత్తరం చదివితే చదివావు, అవతల పెట్టు. నవ్వలేక చస్తున్నాను. సూది ఎక్కడ పెట్టానో కూడా కనపడట్లేదు.

సాయంత్రం మీ అత్తగారు ఫోన్ చేశారు. మొన్న ఫోన్ ఎత్తలేదేంటని అడిగాను. బజారుకి వెళ్ళారట. ఏమైందమ్మాయ్ అంటే కండక్టర్ల కథ చెప్పాను. మొత్తం విని తాపీగా అన్నారు కదా:

"అయితే నీ కొలతలు ఆ పెట్టెలోనే ఉంటాయా?"

"అవునండీ."

"మరి పొద్దున్నే దాని దీపం ఆర్పేసి వెళ్తాడేం?"

"ఎవరండీ?"

"ఎవరేమిటి, మీ తమ్ముడే. చెప్పులు వేసుకుంటాడు, గొడుగు తీసుకుంటాడు, గుమ్మం పక్క స్విచ్చుల బోర్డు మీద కిందినుంచి పైకి చెయ్యి ఇలా దువ్వుతాడు. లైటు, ఫ్యాను, పెట్టె అన్నీ టపటపా ఆరిపోతాయి. సాయంత్రం వచ్చి పైనుంచి కిందికి దువ్వుతాడు. అన్నీ వెలుగుతాయి. దానికి పగలు విశ్రాంతి ఇస్తున్నాడేమో అనుకున్నాను."

"ఇన్నాళ్ళూ ఒక్కమాట చెప్పలేదేమండీ పిన్నిగారూ!"

"అడిగితే చెప్పేదాన్ని. ముట్టుకోవద్దన్నాడు. తన జోలికి రావద్దన్నాడు కాబోలు అనుకుని ఊరుకున్నాను."

విన్నావా? నువ్వే రా! పిల్లీ కాదు, కరెంటూ కాదు, పెద్దావిడ చీపురూ కాదు. నువ్వు సెలవు పెట్టి ఇంట్లో కాపలా కూర్చుంటే దొంగ ఎలా దొరుకుతాడు? దొంగ కుర్చీలోనే ఉన్నాడుగా!

నవ్వి నవ్వి, తర్వాత ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు మనం ఉన్న ఆ ఒక్క గదిలో నువ్వు బడికి బయల్దేరుతుంటే గుమ్మంలో నీ చెవి పట్టుకుని "బోర్డు" అనేదాన్ని. నువ్వు వెనక్కి వెళ్ళి అన్నీ ఆర్పి వచ్చేవాడివి. ఆ చెయ్యి నేను నేర్పిన చెయ్యిరా. నా పాఠం తిరిగొచ్చి నా షాపు మీదే పడింది.

ముందు వెళ్ళి మీ అత్తగారితో మాట్లాడు. నోటితో.

అక్క


ఇల్లు, ముందు గది
జులై 13, ఆదివారం

అక్కకి నమస్కారం.

జల్లు. ముందు గది నేనే ఊడ్చాను. పెట్టె చుట్టూ గిరి ఉన్నమాట నిజం.

రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. వరసలోనే చదివాను.

కాగితం పీకేసి అత్తగారి దగ్గరికి వెళ్ళాను. ఏం అనాలో ముందే అనుకుని వెళ్ళాను కానీ అది రాలేదు. "నేనే ఆర్పుతున్నానట" అన్నాను. "అవును బాబూ" అన్నారు. "తప్పయింది" అన్నాను. "టీ పెట్టనా" అన్నారు. ఆవిడ చెప్పులు తెచ్చి ముందు గుమ్మం దగ్గర పెట్టాను.

రోజూ చేసిన పనులన్నీ గుర్తుపెట్టుకుని నీకు రాస్తాను. గొట్టం, గేటు, కుళాయి. ఈ పని ఒక్కసారి కూడా రాయలేదు. చేస్తున్నట్టు నాకు తెలియదు మరి.

ఇంకా సిగ్గుపడాల్సిన మాట ఉంది. తెలిసిన మర్నాడు కూడా ఆర్పాను. బస్సు ఎక్కాక గుర్తొచ్చింది. ఆ మర్నాడు స్విచ్చి మీద టేపు అంటించాను. సాయంత్రం వచ్చి చూస్తే టేపు నలిగి చెప్పుల్లో పడి ఉంది, పెట్టె చీకటిగా ఉంది. నా చెయ్యి నా మాట వినడం లేదు.

స్విచ్చి తీసేసి తీగ నేరుగా కలపొచ్చు. కానీ ఆర్పడానికి వీల్లేని యంత్రం మా వృత్తిలో ఒప్పుకోం. నా చేత్తో అది చెయ్యలేను.

కంపెనీకి మారిపోతానన్నావు. నీ ఇష్టం. ఇరవై ఒకటి వరకు ఆగగలిగితే ఆగు. అడగకూడదని అనుకున్నాను. అడుగుతున్నాను.

తమ్ముడు


షాపు
జులై 16

మునీ,

నువ్వు నోరు తెరిచి ఒకటి అడగడం ఇదే మొదలు. ఆగక ఏం చేస్తాను? కంపెనీ వాడికి వద్దని చెప్పేశాను.

టేపు, తీగ అంటూ నీ పద్ధతులు నువ్వు చూశావు. నా పద్ధతి నేను చూస్తాను. మీ అత్తగారికి ఫోన్ చేసి మీ స్విచ్చి కొలతలు తీయించాను. పొడుగు, వెడల్పు, ఎత్తు. "చంక ఎక్కడ కొలవమంటావు" అని అడిగారు. మనిషి మామూలుది కాదురా, ఇన్నాళ్ళూ నీ మౌనంలో వృథా అయిపోయింది.

కవరులో ఉన్నది స్విచ్చికి టోపీ. కండక్టర్ల ఖాకీ ముక్కతోనే కుట్టాను. లోపల అట్ట పెట్టాను, కాబట్టి పైన చెయ్యి దువ్వినా స్విచ్చి కదలదు. రెండు వైపులా పట్టీలు, కింద ఇత్తడి బొత్తాం. పట్టీల చివర్లు బోర్డు మరలకి బిగించుకో, అది నీ పని. ఆర్పాలంటే బొత్తాం విప్పి ఆర్పొచ్చు, మీ వృత్తికి మచ్చ రాదు. బొత్తాం విప్పడానికి మాత్రం మనసు పెట్టాలి. చెయ్యి ఒక్కటే వెళ్తే కుదరదు.

సోమవారం కండక్టర్లు వస్తారు. నేను దేవుడికి మొక్కుకోవట్లేదు, మీ అత్తగారికి చెప్పి పెట్టాను.

అక్క


ఇల్లు, ముందు గది
జులై 22, మంగళవారం

అక్కకి నమస్కారం.

రాత్రంతా వాన, ఇప్పుడు తెరిపిచ్చింది. పనికి బయల్దేరేముందు చెప్పుల బల్ల మీద పెట్టి రాస్తున్నాను. ఆరేసిన గొడుగు మడిచాను.

నిన్న సాయంత్రం నువ్వు ఫోన్ చేసినప్పుడు అత్తగారు ఎత్తారు. నువ్వు మాట్లాడింది నాకు గది అవతలికి వినిపించింది. కొలతలు అన్నీ అడిగినవెంటనే వచ్చాయని, పొట్టాయన ప్యాంటు పొట్టాయనకే సరిపోయిందని, పని మొత్తం నీకే ఇచ్చారని. ఫోను నా చేతికిస్తే "బాగుంది" అన్నాను. ఇంకా అందామనుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను. చాలా బాగుంది అక్కా.

నువ్వు పెట్టేశాక పెట్టెని అడిగాను. ఆదివారం నుంచి మేలుకునే ఉన్నానన్నది.

వెనక గది తీసుకో. కొలతలు ఎన్ని పెరిగినా చోటుంది. పెట్టెలో ఉన్నవన్నీ వేరే డిస్కు మీదికి నకలు తీసి పెట్టాను, అది పోస్టులో పంపిస్తాను. ఒకటి నీ దగ్గర కూడా ఉండాలి. అత్తగారు తనకీ అందులో కాస్త చోటు కావాలన్నారు. చెల్లెళ్ళ ఫోటోలు పెట్టుకుంటారట. పాస్‌వర్డు నక్షత్రం లేకుండా ఇమ్మన్నారు. ఇచ్చాను.

నిన్న ఎలా జరిగిందంటే, గుమ్మంలో చెయ్యి ఎప్పటిలాగే వెళ్ళింది. బొత్తాం తగిలింది. ఆగాను. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఈ రోజు చూస్తే, నేను పీకి పారేసిన కాగితం సాపు చేసి బోర్డు పక్కన అంటించారు. "దయచేసి ముట్టుకోవద్దు" అన్న నా అక్షరాల పైన తన అక్షరాలతో "అల్లుడుగారు" అని చేర్చారు.

ఇప్పుడు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. బస్సు వేళయింది. ఉత్తరం దారిలో డబ్బాలో వేస్తాను. చెప్పులు వేసుకున్నాను. గొడుగు తీసుకున్నాను. లైటు ఆర్పాను. ఫ్యాను ఆర్పాను. దాని పైన బొత్తాం తగిలింది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

తమ్ముడు